ఆరుట వేరు, గట్టిపడుట వేరు

మాఘ ఫాల్గుణ మాసములు వచ్చినంతనే నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములందలి కళ్లములు ఎర్రబడును. కోసి తెచ్చిన మిరపకాయలను రైతులు ఎండలో పరచి, తిరుగవేసి, సాయంకాలము కుప్పచేసి, కాయ గలగలలాడు వరకు ఆరబెట్టుదురు. సరిగా ఆ దినములందే, మార్చి నెల ముగియకముందే పనులు పూర్తిచేయవలెనను తొందరలో, గ్రామములలో సిమెంటు రోడ్లు, మురుగు కాలువలు వేయుట కూడ జరుగుచుండును. కళ్లములో మిరపకాయ ఆరుచుండును. వీధిలో సిమెంటు "ఆరుచుండును". రెండింటికిని మనము వాడు మాట ఒక్కటే.

మాట ఒక్కటే గాని, జరుగు పని ఒక్కటి కాదు. మిరపకాయలోనుండి నీరు బయటికి పోవలెను. సిమెంటులోనుండి నీరు పోరాదు. ఆ నీటిని అది తనలో కలుపుకొని క్రొత్త పదార్థముగా మారవలెను. మొదటిది భౌతికమైన మార్పు. రెండవది రసాయనికమైన మార్పు. పాఠశాల పుస్తకములో ఈ భేదమునకు రెండు మూడు పుటలు మాత్రమే కేటాయింతురు. కాని గ్రామ ధనమును ఖర్చు చేయవలసిన పంచాయతీ సభ్యునకు, నాలుగు వర్షములకే పెచ్చులూడు రోడ్డునకును, తరము నిలుచు రోడ్డునకును గల తేడా చాలవరకు ఈ చిన్న విషయములోనే యున్నది.

2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలోను, అటుపిమ్మట ఎన్.టి.ఆర్. జిల్లాలోను చేరిన ఈ మెట్ట ప్రాంతమునకు ఈ విషయము మరింత దగ్గరిది. ఏలయనగా, సున్నమునకును సిమెంటునకును మూలమైన సున్నపురాయి ఇచటి నేలలోనే యున్నది.

మార్పులు రెండు విధములు

బరువు కలిగి, కొంత చోటు నాక్రమించు ప్రతి వస్తువును పదార్థమే. రాయి, నీరు, గాలి అన్నియు పదార్థములే. ప్రతి పదార్థమునకును కొన్ని ధర్మములు కలవు. రంగు, గట్టిదనము, సాంద్రత, ఎంత వేడికి కరగును, ఎంత వేడికి మరగును అనునవి భౌతిక ధర్మములు. వీనిని పరీక్షించుటకు ఆ వస్తువును వేరొక వస్తువుగా మార్చనక్కరలేదు. మండునా, పులుపు తగిలిన పొంగునా, నీటితో కలిసి వేడెక్కునా, గాలి సోకిన త్రుప్పు పట్టునా అనునవి రసాయన ధర్మములు. వీనిని తెలిసికొనవలెనన్న ఆ వస్తువు వేరొకటిగా మారియే తీరవలెను.

మార్పులును ఇట్లే రెండు విధములు. ప్రత్తినుండి గింజ తీసినను, కందులను పప్పుగా విరిచినను, వడ్లను దంచినను ఆకారము మాత్రమే మారును; పదార్థము మారదు. బెల్లమును నీటిలో కరగించి పానకము చేసినను, ఆ పానకమును కాచి నీటిని ఇగిర్చినచో మరల బెల్లమే వచ్చును. మిరపకాయ ఎండుట కూడ ప్రధానముగా ఈ కోవలోనిదే. ఇవి భౌతికమైన మార్పులు.

పాలు పెరుగైన పిమ్మట మరల పాలు కావు. కట్టె కాలి బూడిదయైన పిమ్మట ఆ బూడిదనుండి కట్టె రాదు. నాగటి కర్రు త్రుప్పు పట్టినచో ఆ త్రుప్పు ఇనుము కాదు. అది ఇనుము, గాలిలోని ప్రాణవాయువు, తేమ కలిసి యేర్పడిన క్రొత్త వస్తువు. పసుపులో కొంచెము తడి సున్నము కలిపినంతనే ఎర్రగా మారుట మన స్త్రీలు తరతరములుగా పారాణి కలుపునపుడు చూచుచున్న రసాయనిక మార్పు.

ఇందు చూపును మాత్రమే నమ్మరాదు. నీరు ఆవిరియై కంటికి కనబడక పోవుట ఎంతో పెద్ద మార్పువలె తోచును. కాని ఆవిరియు నీరే. గోతములో నున్న సిమెంటు కొంచెము గడ్డకట్టుట చిన్న మార్పువలె తోచును; కాని అది తిరిగి రాని మార్పు. కావున అడుగవలసిన ప్రశ్న "రూపు మారినదా?" అని కాదు, "పదార్థము మారినదా?" అని. వేడి పుట్టుట, వాయువు వెలువడుట, రంగు మారుట, క్రొత్త గుణములు కనబడుట రసాయనిక మార్పునకు సాధారణమైన గుర్తులు.

మన నేలలోని రాయి

కృష్ణానదికి దక్షిణమున పలనాటిలో నున్న సున్నపురాతి పొరలే నది దాటి జగ్గయ్యపేట వైపునకు వ్యాపించియున్నవి. యాబది కోట్ల యేండ్లకు మించిన పూర్వకాలమున, ఇచట సముద్రమున్నప్పుడు, దాని యడుగున పేరుకొని గట్టిపడిన పొరలివి. ఇందు ప్రధానమైన పదార్థమును రసాయన శాస్త్రజ్ఞులు కాల్షియం కార్బొనేటు అందురు. నీటికి ఇంచుమించు రెండు ముప్పాతిక రెట్లు బరువైన ఈ రాయి నల్లరాతికంటె మెత్తనిది. ఉలికి లొంగును, నునుపు తేరును. ఇవి దాని భౌతిక ధర్మములు.

ఈ ధర్మములను మన పూర్వులు చక్కగా నెరిగియుండిరి. జగ్గయ్యపేటకు చేరువనున్న ధనంబోడు మీది బౌద్ధస్తూపమును ఇట్టి సున్నపురాతి ఫలకములతోనే అలంకరించిరి. 1882లో జేమ్స్ బర్జెస్ అను పురాతత్త్వవేత్త ఆ స్తూపమును త్రవ్వించి పరిశీలించెను. అచట దొరకిన స్తంభములపై ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని ఇరువదవ పాలన వత్సరమున, అనగా క్రీస్తు శకము మూడవ శతాబ్దిలో, చెక్కిన శాసనములు కలవు. చక్రవర్తిని చూపు ప్రసిద్ధమైన ఫలకము అంతకంటెను ప్రాచీనమైనది. అది నేడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో నున్నది. శిల్పి చేసినది భౌతికమైన మార్పు మాత్రమే. రాతిని తొలిచెను గాని, రాయి రాయిగనే నిలిచినది. అందుచేతనే అన్ని శతాబ్దుల పిమ్మటను ఆ రూపములను మనము చూడగలుగుచున్నాము.

నది కావలి యొడ్డున అమరావతిలో దీనికి విరుద్ధమైన కథ జరిగినది. పదునెనిమిదవ శతాబ్ది చివరి భాగము మొదలుకొని అచటి మహాస్తూపపు ఫలకములను కొన్నిటిని ఇండ్లకు, కట్టడములకు తరలించిరి. కొన్నిటిని బట్టీలో వేసి సున్నముగా కాల్చిరి. ఉలి చేసిన పనికిని, బట్టీ చేసిన పనికిని గల భేదమే నేటి మన విషయము.

రాతిని గుర్తుపట్టుట సులభము. కొద్దిపాటి రాతిపొడి తీసి దానిపై నిమ్మరసము పిండినచో, సున్నపురాయియైన యెడల సన్నని నురుగు పొంగును. నల్లరాతి పొడి పొంగదు. పులుపు తగిలి బొగ్గుపులుసు వాయువు వెలువడుటయే ఆ నురుగు. ఇది సున్నపురాతి రసాయన ధర్మము.

బట్టీలో ఏమి జరుగును?

సున్నపురాతిని ఇంచుమించు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చినచో, రాయి కరగదు, రెండుగా విడిపోవును. ఒకటి గట్టిగా మిగులు పొడిసున్నము. రెండవది గాలిలో కలిసిపోవు బొగ్గుపులుసు వాయువు. శుద్ధమైన రాతిని 100 కిలోలు కాల్చినచో 56 కిలోల పొడిసున్నము మిగులును. 44 కిలోలు వాయువుగా పోవును. చూచుటకు బట్టీనుండి తీసిన గడ్డ వేసిన గడ్డవలెనే యుండును. కాని చేతిలోనికి తీసికొన్నచో తేలిక. ఈ తేలికదనమునకు కారణము రాతిలోనుండి వాయువు పోవుటయేనని స్కాట్లండు దేశపు శాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రకటించిన ప్రయోగములలో తూకము వేసి నిరూపించెను.

ఆ 56 కిలోల పొడిసున్నము 18 కిలోల నీటితో కలిసి 74 కిలోల తడిసున్నమగును. అప్పుడు పుట్టు వేడికి నీరు బుసబుస మరగును. ఇట్లు వేడి పుట్టుట రసాయనిక మార్పునకు స్పష్టమైన గుర్తు. సున్నము పోయుచోటికి పిల్లలను రానీయరాదు. తుంపర కంటిలో పడినచో చూపునకే ముప్పు కలుగును. సున్నమును కొద్దికొద్దిగా నీటిలో వేయవలెను గాని, సున్నపుకుప్పపై ఒక్కసారిగా నీరు కుమ్మరింపరాదు.

తడిసున్నమును గోడకు పూసిన పిమ్మట అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొనును. 74 కిలోల సున్నము 44 కిలోల వాయువును గ్రహించి, 18 కిలోల నీటిని విడిచి, మరల 100 కిలోల సున్నపురాయి యగును. లెక్క సరిపోయినది. రసాయనిక మార్పులలో పదార్థము పుట్టదు, నశింపదు. ఒకదానినుండి మరియొకదానిలోనికి పోవును. మన యింటి వెల్లగోడపై నున్న తెల్లని పొర నిజమునకు పలుచని సున్నపురాయియే.

అయినను ఇచట ఒక విషయము గమనింపవలెను. సున్నము మరల రాయి కాగలదు గాని, అమరావతిలో కాలిన శిల్పము మరల శిల్పము కాలేదు. పదార్థము తిరిగి వచ్చినను, పోయిన రూపము రాదు. వచ్చుటకు కూడ తగిన తోడు కావలెను. సున్నమునకు ఆ తోడు గాలి. గాలి చొరని చోట సున్నము గట్టిపడదు. వట్టి సున్నపు అడుసును నీటిలో ముంచి యుంచినచో ఎన్ని దినములైనను అడుసుగనే యుండును.

సిమెంటునకు తోడు నీరు

సిమెంటు కథయు సున్నపురాతితోనే ప్రారంభమగును. రాతిపొడిలో తగుపాళ్లలో బంకమన్ను వంటివి కలిపి 1450 డిగ్రీల వరకు కాల్చుదురు. అప్పుడు రాతిలోని సున్నము మట్టిలోని సిలికాతో కలిసి గులకరాళ్ల వంటి గడ్డలగును. వానిని క్లింకరు అందురు. దానికి కొంచెము జిప్సము చేర్చి మెత్తగా విసరినచో సిమెంటగును. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ అను తాపీ మేస్త్రి 1824లో తన సిమెంటునకు హక్కు పొంది, అది పోర్ట్‌లండు అను చోటి రాతిని పోలియుండునని ఆ పేరు పెట్టెను. మన ప్రాంతమున జయంతిపురము, ముక్త్యాల గ్రామములలో సిమెంటు కర్మాగారములు వెలసినవి. జయంతిపురములోని కర్మాగారము 1987లో ప్రారంభమైనది.

విసరుట భౌతికమైన మార్పు. కాల్చుట రసాయనికమైన మార్పు. మూడవ మార్పు మాత్రము కర్మాగారములో జరుగదు. అది మన వీధిలో, మన కళ్లయెదుట జరుగును. సిమెంటునకు నీరు తగిలినంతనే దానిలోని సిలికేటులు నీటిని తమలో కట్టివేసుకొని, కంటికి కానరాని సన్నని పోగులవలె పెరిగి, ఇసుకను కంకరను చుట్టి బిగించును. 50 కిలోల బస్తా పూర్తిగా మారుటకు ఇంచుమించు 11, 12 లీటర్ల నీరు రసాయనికముగా దానిలో కలిసిపోవును. ఆ నీరు ఇక ఎండకు ఆవిరి కాదు. అది రాతిలో భాగమైనది. క్రొత్తగా వేసిన కాంక్రీటు చేతికి వెచ్చగా తోచుట ఈ మార్పునకు గుర్తు.

ఈ మార్పు ఒక్క దినముతో ముగియదు. మొదటి వారములో వడిగా సాగి, పిమ్మట నెమ్మదించును. అందుచేతనే ఇంజనీర్లు కాంక్రీటు బలమును 28వ దినమున పరీక్షింతురు. నీరున్నంత కాలము మార్పు సాగును. నీరు పోయినచో ఆగిపోవును. ఒకసారి లోపలివరకు ఎండిపోయిన కాంక్రీటునకు తరువాత ఎంత నీరు పోసినను కోల్పోయిన బలమంతయు తిరిగి రాదు. ఎన్నడును తడి చూపక వదలివేసిన కాంక్రీటు, విడువక తడిగా నుంచిన కాంక్రీటులో ఇంచుమించు సగము బలమునకే చేరునని ప్రయోగములలో తేలినది. పై కప్పు చూచినచో రెండును ఒక్కటిగనే యుండును. బిల్లులోని సొమ్మును ఒక్కటే. బలము మాత్రము సగము.

సున్నమునకు గాలి వలె సిమెంటునకు నీరు తోడు. కావుననే సిమెంటు నీటిలో మునిగియున్నను గట్టిపడును. విజయవాడలో 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజీ, జగ్గయ్యపేటకు ఎగువన 2013లో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టు కృష్ణ నీటిలోనే నిలిచియున్నవి. ఆరుటయే గట్టిదనమైనచో నీటిలోని స్తంభము ఎన్నడును గట్టిపడియుండెడిది కాదు.

రోడ్డు వేయునపుడు సభ్యులు చూడవలసినవి

ఈ విషయము తెలిసిన పిమ్మట రోడ్డు పనిని చూచు పద్ధతియే మారును. కలుపునపుడు నీరు మితముగా నుండవలెను. వేసిన పిమ్మట నీరు సమృద్ధిగా నుండవలెను. పలుమార్లు జరుగుచున్నది దీనికి విరుద్ధము. సులభముగా జారుటకై కలుపునపుడు నీరు మెండుగా పోయుదురు. వేసిన పిమ్మట మరచిపోవుదురు.

కలుపునపుడు మెండుగా పోసిన నీరు ఏమగును? రసాయనికముగా కలియవలసినంత కలిసి, తక్కినది మెల్లగా ఆవిరియగును. అది పోయిన త్రోవలన్నియు సన్నని రంధ్రములుగా మిగులును. ఇది భౌతికమైన మార్పే గాని, దాని ఫలితము రోడ్డు పైపొర పిండివలె రాలుట. సాధారణపు కాంక్రీటునకు, ఇసుకలోని తడిని కూడ లెక్కించి, 50 కిలోల బస్తాకు 25 నుండి 27 లీటర్లు మించరాదు. ఎన్ని బిందెలు పోయుచున్నారో లెక్కించుట ఏ సభ్యునకైనను సాధ్యమే.

కలిపిన మాలు అరగంట దాటిన పిమ్మట ఎప్పుడైనను బిగుసుకొన నారంభింపవచ్చును. భోజన సమయమున వదలిన మాలును మరల నీరు పోసి కలుపుట గట్టిపడుచున్న పోగులను త్రెంపుటయే. అట్టి మాలును వాడనీయరాదు.

ఇక తడుపుట. భారత ప్రమాణముల ననుసరించి, సాధారణ సిమెంటుతో వేసిన కాంక్రీటును కనీసము 7 దినములు విడువక తడిగా నుంచవలెను. పొడిగాలి, తీవ్రమైన ఎండ గల చోట్ల 10 దినములకు తగ్గరాదు. బూడిద మున్నగునవి కలిపిన సిమెంటునకు 14 దినముల వరకు తడుపుట మంచిది. నేడు గ్రామములలో విశేషముగా వాడుచున్నది ఈ బూడిద కలిసిన సిమెంటే. బస్తాపై ఆ వివరము ముద్రించియుండును. మార్చి, ఏప్రిల్ నెలల మన మెట్ట ఎండలను తలచినచో, పదునాలుగు దినములనియే గుర్తుంచుకొనుట క్షేమము.

"విడువక" అను మాట ముఖ్యము. ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి చల్లినచో మధ్యాహ్నపు ఎండకు పైపొర ఎండిపోవును. రోడ్డుపై చిన్న చిన్న మట్టికట్టలు కట్టి, మళ్లవలె నీరు నిలుపుట అన్నిటికంటె మేలు. వీలుకానిచోట తడి గోనెలు గాని, వరిగడ్డి గాని కప్పి తడుపుచుండవలెను. నీటి ఖర్చు, కాపలా మనిషి కూలి అంచనాలో చేరినవో లేదో పని మొదలుకాకముందే చూచుట సభ్యుల బాధ్యత. ఆ పదునాలుగు దినములు ఆ దారిని మూసియుంచుటకు జనులను ఒప్పించుట కూడ సర్పంచి, వార్డు సభ్యులు తప్ప మరెవ్వరును చేయలేని పని.

ఈ మాట నమ్మని వారికి ఒక చిన్న పరీక్ష చూపవచ్చును. ఒకే మాలుతో మూడు బిళ్లలు చేయవలెను. మరునాడు ఒకదానిని ఎండలో, ఒకదానిని తడిగోనె క్రింద, ఒకదానిని నీటి తొట్టిలో నుంచి, పదునాలుగు దినముల పిమ్మట మూడింటిని మేకుతో గీయవలెను. ఎండలోని బిళ్ల పొడి రాల్చును; నీటిలోని బిళ్లపై మేకు జారును. గ్రామ పాఠశాలలో ఉపాధ్యాయుల చేత దీనిని చేయించినచో, పిల్లలకు పాఠమును, పెద్దలకు నిదర్శనమును రెండును సమకూరును.

నిల్వగదిలోని రహస్యము

పంచాయతీ నిల్వగదిలో ఇసుక, కంకర, సిమెంటు, నీటిలో కలుపు బ్లీచింగు పొడి ప్రక్కప్రక్కనే యుండవచ్చును. వర్షమునకు ఇసుక తడిసినచో విచారము లేదు. ఎండబెట్టిన మరల ఇసుకయే. తడిసిన సిమెంటు బస్తాను ఎండబెట్టి ప్రయోజనము లేదు. గదిలోని తేమతోనే అది మెల్లగా మారిపోవును. చేత నలిపినను నలగని గడ్డలున్నచో ఆ భాగము వాని పని ముగించుకొన్నది. దానిని దంచి పొడిచేసినను సిమెంటు కాదు, రాతిపొడియే. కావున బస్తాలను నేలపై గాక బల్లలపై, గోడకు ఎడముగా పేర్చవలెను. ముందు వచ్చినదానిని ముందు వాడవలెను. మూడు నెలలు దాటిన సరుకును పరీక్ష చేయింపక వాడరాదు.

బ్లీచింగు పొడియు సున్నపు సంతతిదే. తడిసున్నమునకు క్లోరిను వాయువును పట్టించి దానిని తయారుచేయుదురు. మంచి సరుకులో నూటికి 33 పాళ్ల వరకు పనికివచ్చు క్లోరిను ఉండును. గాలి, తేమ, వేడి తగిలినచో ఆ క్లోరిను క్రమముగా పోవును. మిగులునది సున్నపు పిండి మాత్రమే. రంగు తెలుపే, బరువు ఇంచుమించు అంతే, గుణము లేదు. మూతి విప్పియుంచిన సంచిలోని పొడిని మంచినీటి తొట్టిలో కలిపి "మందు వేసితిమి" అని వ్రాసికొన్నచో, పుస్తకము తృప్తిపడును గాని క్రిములు చావవు. కొంత తేటగా నున్న నీటికి వేయి లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి పొడి కావలెను. కాని కలిపిన మాత్రమున చాలదు. అరగంట తరువాత పరీక్షించి, ఇండ్లకు చేరు నీటిలో లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియున్నట్లు చూచుకొనవలెను.

నీటి విషయములో భౌతిక, రసాయనిక భేదము మరియొక విధమునను ఉపకరించును. నీటిలో తేలు మన్ను కలిసియున్నది మాత్రమే; నిలువయుంచి తేర్చినచో పోవును. వాననీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సున్నపురాతి పొరలలో దిగునపుడు రాతిని కొంత కరగించి తెచ్చును. ఆ నీటిని కాచినపుడు కాగు అడుగున కట్టు తెల్లని పొర మరల ఆ సున్నపురాయియే. కాచినచో క్రిములు చచ్చును. కాని నీటిలో కరగియున్న ఉప్పులు, ముఖ్యముగా ఫ్లోరైడు, కాచినను పోవు. నీరు ఇగిరిన కొలది చిక్కబడును. ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటికి వేరు ఉపాయము కావలెను. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును మడ్డితో పాటు దించు "నల్లగొండ పద్ధతి"ని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించినది. అచటను మన సున్నమే తోడ్పడినది. కావున బోరు నీటిని పరీక్ష చేయింపక "కాచి త్రాగుడు" అని మాత్రమే చెప్పుట చాలదు.

గుర్తుంచుకొనవలసిన మాట

శాస్త్రవిషయము లనినంతనే అవి పట్టణములలోని ప్రయోగశాలలకు చెందినవని తలచుట కలదు. కాని మన సున్నపు బట్టీ, మన తాపీ మేస్త్రి తొట్టి, మన నీటి తొట్టి, మన నిల్వగది అన్నియు ప్రయోగశాలలే. అందు ప్రతి దినమును పదార్థములు మారుచున్నవి. ఏ మార్పు తిరిగి రాగలదు, ఏ మార్పు తిరిగి రాదు అని తెలిసికొన్నవాడు, తిరిగి రానిదానివద్ద జాగ్రత్త పడును. తడిసిన ఇసుకకై విచారపడక, తడిసిన సిమెంటునకై ముందే మేలుకొనును. గ్రామ ధనము విషయమున జాగ్రత్త యనగా చాలవరకు ఇదియే.

ఈ వేసవిలో మీ వీధిలో క్రొత్త రోడ్డు పడినపుడు ప్రక్క కళ్లములో మిరపకాయలు ఎండుచుండవచ్చును. కళ్లము వద్ద నిలిచి "ఆరినదా?" అని అడుగుడు. రోడ్డు వద్ద నిలిచి మాత్రము "తడి యున్నదా?" అని అడుగుడు. పదునాలుగు దినములు ఆ ప్రశ్నను మానకుండ అడిగిన పంచాయతీ వీధిలో మన మెట్టనేలలోని రాయి మరల రాయిగా నిలుచును.